ముక్కు పట్టీ, నేను అడగని ఒక ప్రశ్న

శామీర్‌పేట చెరువుకు కొద్ది దూరంలో, మేడ్చల్ వైపు వెళ్ళే దారి పక్కన మా ఇల్లు ఉన్నది. ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించి ఇక్కడికి వచ్చిన నాడే, ఇక వైద్యశాల తెరవరాదని నిశ్చయించుకున్నాను. బోర్డు లేదు, ఫీజు లేదు, మందుల బీరువా లేదు. అయినా సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు గేటు తీసుకుని వస్తారు. ఒకరి చేతిలో రక్తపరీక్ష కాగితం ఉంటుంది, మరొకరి చేతిలో సగం వాడిన మాత్రల అట్ట ఉంటుంది. చూసి, తోచినది చెప్పి పంపిస్తాను. డబ్బు పుచ్చుకోని సలహా కనుక దాని బరువు కూడా తక్కువేనన్న భావం మనసులో ఎక్కడో ఉండేదేమో. గత వేసవిలో జరిగిన ఒక సంగతి ఆ భావాన్ని పోగొట్టింది.

మా వీధి చివర ఒక తల్లీ కూతురూ అద్దెకు ఉంటారు. కూతురికి ఇరవై మూడేళ్ళు. తుర్కపల్లి వైపు ఉన్న ఒక మందుల కర్మాగారంలో ప్యాకింగ్ విభాగంలో పని. ఎనిమిది గంటల షిఫ్టు మొత్తం తలకు టోపీ, ముఖానికి మాస్కు తీయకుండా నిలబడి పని చేయాలి. ఆ పిల్ల ఒకనాడు ఒక చిన్న ప్యాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“సార్, ఇది పెట్టుకోవచ్చా? ముక్కు మీద నల్లగ చుక్కలు చుక్కలుగ కనబడుతున్నయి. వచ్చే నెలల చూడనీకి వస్తున్నరు.”

అది పోర్ స్ట్రిప్ ప్యాకెట్టు. ముక్కు తడిపి అంటించుకుని, ఆరిన తరువాత లాగేసే పట్టీ. కళ్ళజోడు పెట్టుకుని వెనుక ఉన్న అక్షరాలు చదివాను. ప్రమాదకరమైనది ఏదీ కనబడలేదు. “ఏమీ కాదమ్మా, పెట్టుకో. గట్టిగా మాత్రం లాగకు” అన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. పత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

తొమ్మిది రోజుల తరువాత తల్లి ముందు నడుస్తుండగా, చున్నీతో ముఖం కప్పుకుని ఆ అమ్మాయి వచ్చింది. చున్నీ తీయగానే నాకు మాట రాలేదు. ముక్కు దూలం కింది భాగం, రెండు పక్కల రెక్కలు పచ్చిపుండులా ఎర్రబడి ఉన్నాయి. ఒక చోట పలుచని పొర ఊడి చెమ్మ కారుతున్నది. “పట్టీతోటి తోలే వచ్చింది సార్” అన్నది తల్లి. ఆమె గొంతులో నా మీద నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను: “ముఖానికి ఇంకేమి రాస్తున్నావు?”

“ఏం లేదు సార్. రాత్రి మామూలు క్రీమే.”

ఆ మామూలు క్రీమును తెమ్మన్నాను. తల్లి ఇంటికి వెళ్ళి తెచ్చింది. సగం చుట్టి ఉన్న ఒక చిన్న ట్యూబు. దాని మీద ఎర్రని గీత, దాని పక్కన చిన్న అక్షరాలలో మూడు మందుల పేర్లు ఉన్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. షిఫ్టులో తోటి అమ్మాయి చెప్పిందట. మందుల దుకాణంలో పేరు చెబితే ఇచ్చారట. రెండు సంవత్సరాలుగా ప్రతి రాత్రీ రాస్తున్నదట. దాన్ని ఆమె మందు అనుకోలేదు. కాబట్టి ఒకవేళ ఆ రోజు “ఏవైనా మందులు వాడుతున్నావా?” అని నేను అడిగి ఉన్నా, లేదనే చెప్పి ఉండేది.

ఈ కథలో పట్టీ దోషమెంత, క్రీము దోషమెంత, నా దోషమెంత అన్నది తేలాలంటే ముందు చర్మం సంగతి కొంత చెప్పుకోవాలి.

మన ప్రకటనలలో ‘స్వేదరంధ్రాలు మూసుకుపోవడం’ అన్న మాట వింటూ ఉంటాము. ఆ మాటలోనే పొరపాటు ఉన్నది. స్వేదరంధ్రాలు చెమట పోయే దారులు. అవి మామూలు కంటికి కనబడవు. ముక్కు మీద, బుగ్గల మీద మనకు కనిపించే చిన్న చిన్న గుంటలు వెంట్రుక కుదుళ్ళ నోళ్ళు. ప్రతి కుదురుకూ పక్కనే ఒక తైలగ్రంథి అంటుకుని ఉంటుంది. అది తయారుచేసే సీబమ్ అనే జిడ్డు ఆ దారి గుండానే పైకి వస్తుంది. అరచేతులలోనూ అరికాళ్ళలోనూ ఈ గ్రంథులు అసలు లేవు. ముఖం మీద మాత్రం చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 వరకు ఉంటాయి. ముక్కు ఎందుకు ఎప్పుడూ మెరుస్తుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆ దారి లోపలి గోడ నుంచి మృతకణాలు రాలుతూ ఉంటాయి. అవి జిడ్డుతో, సూక్ష్మజీవులతో కలిసి సన్నని వత్తిలా ఏర్పడతాయి. దానిని వైద్యులు సెబేషియస్ ఫిలమెంట్ అంటారు. అది రోగం కాదు. పుట్టిన ప్రతి మనిషి ముక్కులోనూ ఉంటుంది. బూడిదరంగులోనో, లేత పసుపులోనో సూదిమొనంత చుక్కలుగా వరుసగా కనబడేవి చాలావరకు ఇవే. కొన్ని చోట్ల మృతకణాలు రాలిపోక ఒకదానికొకటి అతుక్కుని గట్టి బిరడాలా తయారవుతాయి. దాని నోరు తెరిచి ఉంటే బ్లాక్‌హెడ్, పైన చర్మం కప్పి ఉంటే వైట్‌హెడ్. బ్లాక్‌హెడ్ నలుపు మురికి వల్ల వచ్చినది కాదు. దానిలో ఉండే మెలనిన్ అనే వర్ణకం, జిడ్డు గాలి తగిలి ఆ రంగుకు మారతాయి. ఎంత సబ్బు రుద్దినా అది పోకపోవడానికి కారణం ఇదే. రుద్దే కొద్దీ చర్మం ఒరుసుకుపోతుంది, నలుపు అక్కడే ఉంటుంది.

ఆవిరి పడితే ఈ రంధ్రాలు తెరుచుకుంటాయని, చల్లని నీళ్ళు చల్లితే మూసుకుంటాయని బ్యూటీ పార్లర్లలో చెబుతారు. తలుపులా తెరిచి మూయడానికి వాటి నోటి దగ్గర కండరం లేదు. ఆవిరి వల్ల జిడ్డు కొంత మెత్తబడుతుంది, అంతే.

ఇక పట్టీ సంగతి. జపాన్‌కు చెందిన కావో అనే సంస్థ 1996లో బియోరే అన్న పేరుతో ముక్కు పట్టీని విడుదల చేసింది. మరుసటి ఏడాది అది అమెరికా చేరింది. దానిలో ఉండేది సాధారణ జిగురు కాదు. పొడిగా ఉన్నప్పుడు అంటుకోదు, తడి తగిలితేనే పని చేస్తుంది. ధనావేశం గల ఒక పాలిమర్ తడితో కరిగి కుదురు నోట్లోని వత్తి కొనను పట్టుకుంటుంది. పది పదిహేను నిమిషాలలో ఆరి గట్టిపడుతుంది. లాగినప్పుడు వత్తి పైభాగం దానితో పాటు ఊడి వస్తుంది. శాంపూలలో, జుట్టు నిలబెట్టే జెల్‌లలో వాడే పాలిమర్ల కుటుంబానికి చెందినదే ఇది.

అమ్మాయి ముక్కు మానిన తరువాత, నేనే ఒక ప్యాకెట్టు కొని నా ముక్కు మీద ప్రయత్నించాను. డెబ్బై దాటిన ముక్కుకు పట్టీ ఏమిటని మా ఆవిడ నవ్వింది. వృద్ధుల ముక్కు కుదుళ్ళు పెద్దవి. ఫలితం బాగా కనబడుతుందని నా ఆశ. పావుగంట ఆగి అంచుల నుంచి మెల్లగా లాగాను. పట్టీని వెలుతురు వైపు తిప్పి, తపాలా బిళ్ళలు చూసుకునే భూతద్దంతో పరీక్షించాను. నారుమడిలా ఉన్నది. సన్నని, తెల్లని మొలకలు వందల కొద్దీ నిలబడి ఉన్నాయి, కొన్నింటి కొనలు మాత్రం నలుపు. మనవరాలికి చూపిస్తే “ఛీ తాతయ్యా” అంటూనే రెండవసారి చూడడానికి వచ్చింది. ఈ తృప్తే పట్టీల వ్యాపార రహస్యమని నా అనుమానం. తీసిన మురికిని కంటితో చూపించే సౌందర్య సాధనం మరొకటి లేదు.

నాలుగు వారాలకు అదే భూతద్దంతో ముక్కును అద్దంలో చూసుకున్నాను. మొలకలన్నీ యథాస్థానంలో ఉన్నాయి. ఆశ్చర్యం లేదు. గ్రంథి లోపల పని చేస్తూనే ఉంటుంది, ఖాళీ అయిన దారి ఇంచుమించు నెల రోజులలో మళ్ళీ నిండుతుంది.

కాబట్టి ఆరోగ్యవంతమైన చర్మం మీద పట్టీ వల్ల లాభమేమంటే, చుక్కలు తక్షణం తగ్గినట్లు కనబడతాయి. ఇది తక్కువ లాభమేమీ కాదు. పెళ్ళికి వెళ్ళే ముందు రోజు ఒకసారి పెట్టుకుంటానంటే నేను వద్దనను. గోళ్ళతో గిల్లడం కంటే, తలపిన్నుతో నొక్కడం కంటే వెయ్యి రెట్లు నయం. ముక్కు, పై పెదవి ప్రాంతపు సిరలకు కపాలం లోపలి సిరలతో సంబంధం ఉన్నది. అక్కడి పుండును చిదిమితే సూక్ష్మజీవులు అటు వెళ్ళిన అరుదైన, ప్రాణాంతకమైన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదయ్యాయి. గిల్లే అలవాటు ఉన్నవారు దానికి బదులుగా అప్పుడప్పుడు పట్టీ వాడితే నాకు సంతోషమే.

కానీ లోతున ఉన్న బిరడా దానికి అందదు. వైట్‌హెడ్‌కు నోరు మూసి ఉంటుంది కనుక దాని జోలికే పోదు. మొటిమలు రాకుండా ఆపదు. రంధ్రం పరిమాణాన్ని తగ్గించదు. జిడ్డు వత్తితో పాటు చర్మం పైపొరలోని కణాలను, నూగు వెంట్రుకలను కూడా పట్టుకుని వస్తుంది. రోజు విడిచి రోజు వాడితే ఆ పొర కోలుకునే వ్యవధి ఉండదు. మనలాంటి చామనఛాయ వారికి మరొక చిక్కు ఉన్నది. ఏ చిన్న గాయమైనా, ఒరిపిడి అయినా మానిన తరువాత అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. బ్లాక్‌హెడ్ పోయి మచ్చ వస్తే లాభమేమిటి?

ఆ అమ్మాయికి జరిగినది ఈ సాధారణ నష్టాలలోకి రాదు. ట్రెటినాయిన్ అనేది విటమిన్ ‘ఎ’ నుంచి వచ్చిన మందు. చర్మపు పైపొర కణాల మధ్య పట్టును అది సడలిస్తుంది. మొమెటాసోన్ అనేది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, కింద ఉండే కొల్లాజెన్ ఆధారం తగ్గుతుంది. పైపొర పట్టు సడలి, అడుగు పలుచబడిన చోట పావుగంట సేపు జిగురు ఆరబెట్టి లాగితే ఏది ముందు ఊడుతుందో చెప్పనక్కరలేదు. పాత గోడకు అంటించిన పోస్టరును పీకితే సున్నం పెళ్ళతో సహా ఊడివచ్చినట్లు వచ్చింది. రెటినాయిడ్ పూతలు రాసే చోట మైనంతో వెంట్రుకలు తీయించుకోరాదని అందుకే చెబుతాము. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగేవారు ఆ కాలంలోనూ, ఆపిన తరువాత ఆరు నెలల వరకూ వాక్సింగ్ మానుకోవాలి. పట్టీకీ ఇదే నియమం వర్తిస్తుంది.

ఈ సంగతులన్నీ ఒకచోట కలిపి చదువుతుండగా ఒక మనిషి పేరు మాటిమాటికీ ఎదురయింది. ఆల్బర్ట్ క్లిగ్మన్, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్య ఆచార్యుడు. మొటిమలకు ట్రెటినాయిన్ పూతను తెచ్చినది ఆయన. ముఖం మీది నల్లమంగు కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ మూడింటినీ కలిపిన సూత్రాన్ని 1975లో సహచరునితో కలిసి ప్రకటించినది కూడా ఆయనే. ఆ అమ్మాయి ట్యూబు దాని సంతతే, లోపలి స్టెరాయిడ్ మాత్రం వేరు. జిగురుతో కుదుళ్ళలోని వత్తులను పీకి పరీక్షించే పద్ధతిని ఆయన బృందం 1983లో వివరించింది. బియోరే పట్టీల మీద 1999లో వెలువడిన పరిశోధన పత్రంలోనూ ఆయన పేరు ఉన్నది. పట్టీ, ట్యూబు రెండింటి వెనుకా ఒకే మనిషి చేయి ఉన్నదన్నమాట. ఆ చేతికి అంటిన మరక కూడా చిన్నది కాదు. హోమ్స్‌బర్గ్ కారాగారంలోని ఖైదీల మీద, అత్యధికులు నల్లజాతివారు, 1974 వరకు ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ప్రయోగాలు సాగించాడు. 2021లో ఆ విశ్వవిద్యాలయపు వైద్యవిభాగం దానికి క్షమాపణ చెప్పుకున్నది. మా తరం వైద్యులకు ఆ మిశ్రమం పేరు చెప్పారు గానీ, ఈ కథ ఎవరూ చెప్పలేదు.

మంగు మచ్చలకు ఆ మిశ్రమాన్ని చర్మవైద్యుడు కొన్ని వారాల గడువు పెట్టి ఇస్తే అది మంచి మందు. మన దగ్గర జరుగుతున్నది వేరు. స్టెరాయిడ్ రాయగానే ఎరుపు, మంట, మొటిమ అణగిపోతాయి. హైడ్రోక్వినోన్ రంగు తేలుస్తుంది. రెండు వారాలలో ముఖం తేటపడినట్లు కనబడుతుంది. తెల్లదనం కోసం తహతహలాడే దేశంలో ఇంతకంటే ఏ ప్రకటన కావాలి? ఒకరి ముఖం చూసి మరొకరు కొంటారు. ఆపిన కొద్ది రోజులకే మంట, ఎరుపు, అంతకు ముందెన్నడూ లేనన్ని మొటిమలు వస్తాయి. మళ్ళీ రాస్తే తగ్గుతాయి. కాబట్టి మందు మంచిదని, ఆపడమే తప్పని నమ్ముతారు. బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు తేలడం, అవాంఛిత రోమాలు రావడం, ఎండలోకి వెళితే ముఖం మండడం తరువాతి అంకాలు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మరాదు. భారత చర్మవైద్యుల సంఘం ఈ దుర్వినియోగం మీద ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే నడుపుతున్నది. నియమం ఉన్నది, దుకాణం కూడా ఉన్నది. నేను పరిచయమున్న ఒక దుకాణానికి వెళ్ళి, ఊరు పేరు చెప్పను, ఆ ట్యూబు అడిగాను. కుర్రవాడు చీటీ అడగకుండానే తీసి బల్ల మీద పెట్టాడు. నేను డాక్టరునని చెప్పి కారణం అడిగితే నొచ్చుకున్నాడు. “చీటీ అడిగితే పక్క షాపుకు పోతరు సార్” అన్నాడు. అతని మాటలో నిజం లేదని అనలేను. ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పని చేసిన రోజులలో, రోజుకు నూట యాభై మంది వరుసలో నిలబడితే, దురదకూ తామరకూ తేడా చూడకుండా బీటామెథాసోన్ రాసిచ్చిన చీటీలు నా చేతి నుంచి కూడా వెళ్ళాయి. తామర మీద స్టెరాయిడ్ రాస్తే అది మరింత వ్యాపిస్తుందని అప్పుడు తెలియక కాదు. తీరిక లేక.

ఇక ఆ అమ్మాయి సంగతి. పుండుకు ప్రత్యేకించి ఏ వైద్యమూ అవసరం కాలేదు. మంచినీళ్ళతో కడగడం, సువాసనలు లేని పెట్రోలియం జెల్లీ పలుచగా రాయడం, ఎండ తగలకుండా చూడడం. పది రోజులలో మానింది, మచ్చ మిగిలింది. కష్టమంతా ట్యూబు మానిపించడంలోనే వచ్చింది. సికింద్రాబాదులోని ఒక చర్మవైద్య నిపుణురాలి వద్దకు పంపాను. ఆమె ఒక్కసారిగా ఆపక, తేలికపాటి పూతకు మార్చి, క్రమంగా తగ్గించే పద్ధతి రాసిచ్చారు. అయినా మూడవ వారంలో ముఖమంతా ఎర్రబడి, గడ్డం నిండా పొక్కులు లేచాయి. ఒక రాత్రి పదింటికి ఫోను. “ఒక్కసారి రాసుకుంటది సార్, ఒక్కటే సారి. పిల్ల నిద్రపోతలేదు” అని తల్లి. పక్క నుంచి ఏడుపు వినబడుతున్నది. వద్దని చెప్పడం సులువే. కానీ మొదట పెట్టుకొమ్మని చెప్పినది కూడా నేనే. చల్లని గుడ్డ అద్దమని చెప్పి, ఉదయం వారి ఇంటికి నేనే వెళ్ళాను.

చూడడానికి వచ్చేవారి తేదీ దగ్గరపడుతున్నది. తల్లి వారికి కబురు పంపింది, పిల్లకు అమ్మవారు పోసిందని. ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసేవారు మన వైపు ఎవరుంటారు? ఆరోగ్యం బాగుపడిన తరువాతే వస్తామన్నారు. వైద్యుడిగా నేను ఆ అబద్ధాన్ని ఖండించవలసి ఉన్నది. ఖండించలేదు సరిగదా, మచ్చలు పడకుండా ఎన్నాళ్ళు ఎండకు దూరంగా ఉండాలని వారు అడిగితే ఏమి చెప్పాలో కూడా చెప్పి పెట్టాను.

ముఖం కుదుటపడడానికి ఇంచుమించు ఐదు నెలలు పట్టింది. ముక్కు మీది మచ్చ అంతకంటే కొంచెం ముందే చాలావరకు వెలిసింది. కార్తీకమాసంలో వారు వచ్చి చూసి వెళ్ళారు. సంబంధం సంగతి ఏమయిందన్నది వారి ఇంటి విషయం.

నల్లచుక్కలకు మరి ఏమి చేయాలని అడిగేవారికి నేను చెప్పేది చాలా చప్పగా ఉంటుంది. చుక్కలు సన్నగా, సమానంగా, చేతికి తగలకుండా ఉంటే అవి సహజమైనవి, వదిలేయండి. గరుకుగా తగిలే బ్లాక్‌హెడ్స్ అయితే 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ గానీ పూత గానీ మంచి ఆరంభం. ఆ ఆమ్లం జిడ్డులో కరుగుతుంది కనుక కుదురు దారిలోకి దిగగలదు. దానితో తగ్గకపోతే 0.1 శాతం అడాపలీన్ వంటి రెటినాయిడ్ పూత. వైద్యుణ్ణి అడిగి, రాత్రిపూట, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంతే. మొదట రెండు మూడు రోజులకొకసారి రాసి అలవాటు చేసుకోవాలి. గర్భవతులు, గర్భం కోరుకునేవారు రెటినాయిడ్లు వాడరాదు. ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఈ రోజు కనబడే బ్లాక్‌హెడ్ కంటికి కనబడని దశలో మొదలై వారాలు గడిచింది. పోవడానికీ అంతే వ్యవధి కావాలి. రెటినాయిడ్ మొదలుపెట్టిన నాటి నుంచి పట్టీలు బంద్.

పట్టీయే కావాలంటే, ముఖం మీద మరే మందూ లేనప్పుడు, ముక్కు మీద మాత్రమే, నెలకు ఒకటి రెండుసార్లు చాలు. చీము పట్టిన మొటిమ మీద గానీ, ఎండకు కమిలిన చర్మం మీద గానీ వద్దు. ఆరిన తరువాత లాగితే నొప్పిగా ఉంటే లాగకండి. నీళ్ళతో తడిపితే జిగురు మళ్ళీ మెత్తబడి తానే వదులుతుంది. ఈ చివరి మాట ఆ అమ్మాయికి చెప్పి ఉన్నా నష్టం సగం తప్పేది. బొగ్గుపొడి కలిపి ముఖమంతా పూసుకుని తోలులా ఒలిచే మాస్కుల గురించి అడుగుతుంటారు. పట్టీ కంటే అవి మొరటువి.

మన ప్రాంతపు సంగతులు రెండు కలపాలి. తలకు పట్టించిన కొబ్బరినూనె నుదుటి మీదికి దిగితే అక్కడ చిన్న చిన్న వైట్‌హెడ్స్ తేలడం సాధారణం. నూనె మానమని మా అమ్మమ్మ తరానికి చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు. రాత్రి రాసి ఉదయం తలస్నానం చేయమంటే ఒప్పుకుంటారు. రెండవది, మాస్కు. ఇక్కడి కర్మాగారాలలో పని చేసే పిల్లలకు మాస్కు అంచు ఒరిసే చోట, లోపల చెమ్మ నిలిచే చోట మొటిమలు వస్తాయి. మధ్యాహ్న విరామంలో నీళ్ళతో ముఖం కడుక్కుని, పొడిగా అద్దుకుని, కొత్త మాస్కు పెట్టుకుంటే చాలావరకు నయం. సున్నిపిండి గురించి అడిగేవారికి నా సమాధానం: ఒంటికి మంచిదే, మొటిమలున్న ముఖానికి రుద్దుడు పనికిరాదు.

మిగిలిన పట్టీల ప్యాకెట్టును తల్లి నాకే తెచ్చి ఇచ్చింది, పారేయాలా దాచాలా అని. తీసుకుని సొరుగులో వేశాను. అది అక్కడే ఉన్నది, నేను కొన్న ప్యాకెట్టు పక్కన.

మొన్న ఆదివారం మేడ్చల్ నుంచి ఒక తల్లి, డిగ్రీ చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. గడ్డం నిండా మొటిమలు. ఏదో సబ్బు ఫోటో ఫోనులో చూపించి, వాడవచ్చునా అని అడిగాడు. నేను ఫోటో చూడకుండానే, “ముఖానికి ఇంకేమి రాస్తున్నావు బాబూ? మందు కాకపోయినా సరే” అన్నాను.

“ఏం లేదు సార్” అన్నాడు.

వెనుక నుంచి తల్లి అందుకున్నది: “ఆ ట్యూబు సంగతి చెప్పు సార్‌కు.”